ఉపకారమునకు మేర

ఉపకారము మంచిదని చెప్పుటకు ఒక వ్యాసము వ్రాయనక్కఱలేదు. ఆ మాటను తల్లి యొడిలోనే వింటిమి. బడిలో పద్యములుగా వల్లించితిమి. పెద్దలమైన పిమ్మట ఇతరులకు బోధించుచున్నాము. ఉపకారము చేయనివానిని నిందించుట మనకు బాగుగా తెలియును. చేసినవానిని పరీక్షించుట మాత్రము మనకంతగా అలవాటు లేదు. సహాయము చేయవచ్చినవాడు నిజముగా గాయమున్న చోటికే వచ్చెనా? వచ్చినవాడు అవసరమైనంత మట్టుకే చేసెనా? పని ముగిసిన పిమ్మట తొలగిపోయెనా? ఇట్టి ప్రశ్నలు వేసినచో కృతఘ్నులమనిపించుకొందుమని వెఱచి మనము ఊరకుందుము. ఆ మౌనము వలన ఎన్ని కుటుంబములు చెడినవో, ఎన్ని సత్కార్యములు దుష్ఫలముల నిచ్చినవో లోకానుభవము గలవారెఱుగుదురు.

ఈ ప్రశ్నలను మనుష్యుల నడవడినుండి విచారింపబూనినచో వెంటనే రాగద్వేషములు అడ్డువచ్చును. ఉపకారము చేసినవాడు మనవాడైనచో అతని తప్పు కనబడదు. పరుడైనచో అతని మంచి కనబడదు. కావున రాగద్వేషములకు తావులేని యొక చోటును ఎన్నుకొనుచున్నాను. అది మన శరీరమే. శరీరమునకు గాయము తగిలినప్పుడు రక్తమునందలి తెల్లకణములు అచటికి ఏల వచ్చుచున్నవి, ఎట్లు వచ్చుచున్నవి, వచ్చి యేమి చేయుచున్నవి, ఎట్లు మరలిపోవుచున్నవి అను విషయములను శాస్త్రజ్ఞులు గడచిన 150 ఏండ్లకు పైబడిన కాలమున ఓపికతో కనుగొనిరి. ఆ వృత్తాంతమును ముందు చెప్పి, దానినుండి మన ప్రశ్నకు ఎంతవఱకు వెలుగు దొరకునో పిమ్మట విచారింతును.

గాయము తగిలిన చోట ఎఱుపు, వాపు, వేడి, నొప్పి అను నాలుగు లక్షణములు కనబడునని క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమక గ్రంథకర్త సెల్సస్ వ్రాసెను. మన సుశ్రుతసంహిత సూత్రస్థానమునందు ఒక అధ్యాయము ఈ వాపు విచారణకే కేటాయింపబడినది. అందు వ్రణశోథమునకు ఆమము, పచ్యమానము, పక్వము అని మూడవస్థలు చెప్పబడినవి. అనగా పచ్చిదశ, పండుచున్న దశ, పండిన దశ. పచ్చిదానిని తెలియక కోయు వైద్యుడును, పండినదానిని ఉపేక్షించు వైద్యుడును సమానముగా నింద్యులని అచటి తీర్పు. తొందరపడి చేయుటయు, చేయవలసినప్పుడు చేయకుండుటయు రెండును దోషములే యని ప్రాచీనులు గుర్తించిరి. ఈ తీర్పును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మనము మరల దీనియొద్దకు రావలసియున్నది.

ఐనను ఆ వాపు రోగమా, లేక రోగమునకు శరీరము చేసికొను చికిత్సయా అను సందేహము చిరకాలము నిలిచెను. లండను నగరమునందలి శస్త్రవైద్యుడు జాన్ హంటర్ యుద్ధభూమిలో తుపాకి గాయములను చూచినవాడు. ఆయన మరణానంతరము 1794లో వెలువడిన గ్రంథమున, శోథము స్వతస్సిద్ధముగా రోగము కాదనియు, గాయమునకు ప్రతిగా శరీరము చేయు హితకార్యమనియు వాదింపబడినది. 1867లో జర్మను పండితుడు కోన్‌హైమ్ కప్ప శరీరమునందలి పలుచని పొరను సూక్ష్మదర్శినిలో చూచుచుండగా, రక్తనాళములలోని తెల్లకణములు గోడను దూరి వెలుపలికి వచ్చుట కనుగొని వర్ణించెను. చీము అనునది గాయములో పుట్టిన మలము కాదు. అది రక్తమునుండి వచ్చిన కణముల సమూహమని దీనివలన స్పష్టమయ్యెను.

అవి ఏల వచ్చుచున్నవి? దీనికి మార్గము చూపినవాడు మెచ్నికాఫ్ అను రుష్యా దేశపు జంతుశాస్త్రజ్ఞుడు. 1882లో ఇటలీ దేశపు మెస్సినా పట్టణమున సముద్రతీరమందు వసించుచు, ఆయన గాజువలె పారదర్శకమైన నక్షత్రచేప పిల్లల చర్మము క్రింద గులాబి ముళ్లను గ్రుచ్చెను. మఱునాడు ప్రాతఃకాలమున చూడగా, ముల్లు చుట్టును సంచారకణములు గుమిగూడియుండెను. ఆ చిన్న జీవికి రక్తనాళములు లేవు, నరముల వ్యవస్థయు అంతంతమాత్రమే. ఎవరును ఆజ్ఞాపింపలేదు. ముల్లు గ్రుచ్చుకొన్న చోటికి కణములు తమంతట చేరినవి. ఈ యూహయే పెంపొంది, 1908లో ఆయనకు పాల్ ఎర్లిఖ్‌తో గూడ నోబెల్ బహుమానము వచ్చుటకు కారణమయ్యెను.

ముల్లు గ్రుచ్చిన చోటికి కణములు వచ్చుటకు పిలుపేది? బయటినుండి సూక్ష్మక్రిములు ప్రవేశించినప్పుడు వాటిని పసికట్టి కణములు వచ్చునని పెక్కుకాలము తలచిరి. అది నిజమే గాని సంపూర్ణ సత్యము కాదు. క్రిమి యొక్కటియు లేని గాయమునకును, ఎముక విఱిగి చర్మము తెగని దెబ్బకును ఇవి వచ్చుచున్నవి. శరీరము పరాయిదానిని మాత్రమే కాక అపాయమును గుర్తించునని పాలీ మాట్జింజర్ అను విదుషి 1994లో ప్రతిపాదించెను. కణము పగిలినప్పుడు దాని లోపలి సొత్తు వెలుపల చిందును. ఆ చిందినదే పిలుపు.

ఆ సొత్తులో ముఖ్యమైనది ఏ.టి.పి. అను పదార్థము. ఇది కణమునకు శక్తి నిచ్చు నాణెము వంటిది. దీనిని 1929లో జర్మనీలో లోమన్ కనుగొనగా, అదే కాలమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్క్‌తో గూడి స్వతంత్రముగా కనుగొన్నవాడు భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు. కణము క్షేమముగా నున్నప్పుడు ఏ.టి.పి. లోపల సమృద్ధిగా నుండును, వెలుపల అత్యల్పముగా నుండును. ఇంటిలోని ధాన్యము గాదెలో నున్నంతకాలము సంపద. అదే వీధిలో చిందియున్నచో ఆ యింట ఏదో ఉపద్రవము జరిగినదని దారిని పోవువాడు గ్రహించును. పగిలిన కణమునుండి ఏ.టి.పి. వెడలి చుట్టుప్రక్కల కణములకు తెలుపునదియు ఇట్టి వార్తయే.

గాయపు టంచునుండి హైడ్రోజన్ పెరాక్సైడ్ అను పదార్థము కూడ పుట్టుచున్నది. మన దేశపు వాగులలో సహజముగా నుండు జీబ్రాచేపయొక్క పిల్లల తోకను కోసి 2009లో పరిశోధకులు పరీక్షించిరి. కోసిన 3 నిమిషములలోనే ఆ పదార్థము గాయపు టంచున కనబడెను. సుమారు 20 నిమిషములకు అత్యధికమయ్యెను. మొదటి తెల్లకణములు చేరుటకు ముందే అది గాయమునుండి దూరము పోయినకొలది పలుచనగుచు వ్యాపించియుండెను. ఎచట చిక్కనగునో అటు పోవుట కణముల నైజము. పిలుపునందే దారియు దిక్కును ఇమిడియున్నవి.

పిలుపు వినుట యొకటి, చేరుట యొకటి. రోజునకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్ కణములు మన యెముకల మూలుగలో పుట్టుచున్నవి. తెల్లకణములలో అధికసంఖ్యాకములైన యివి రక్తవేగమున కొట్టుకొనిపోవుచుండును. గాయము దగ్గఱనున్న నాళపు గోడలు నిమిషములలో సెలెక్టిన్లు అను పట్టులను వెలికి చాచును. ఏటి వరదలో పోవువాడు ఒడ్డున వ్రేలాడు వేళ్లను ఒకదాని తరువాత ఒకటి పట్టుకొని వేగము తగ్గించుకొనునట్లు, కణము వాటిని తగులుకొని దొర్లుచు మెల్లగా సాగును. పిమ్మట ఇంటెగ్రిన్లు అను గట్టి కొక్కెములతో గోడకు అంటుకొని నిలుచును. తుదకు తన దేహమును సన్నగా సాగదీసికొని గోడలోని సందుగుండ వెలుపలికి దూరి గాయమువైపు ప్రాకును.

ఈ కొక్కెములు పుట్టుకతోనే లోపించిన శిశువులు అరుదుగా కలరు. అట్టి శిశువుయొక్క బొడ్డుత్రాడు చాలకాలము ఊడదు. మాటిమాటికి క్రిములు సోకును. పుండు పడును గాని అందు చీము పట్టదు. రక్తమును పరీక్షించినచో తెల్లకణములు సామాన్య శిశువులకంటె మిక్కిలి యెక్కువగా నుండును. రక్షకులు లేక కాదు. నాళములనిండ నుండియు గాయము ముందునుండియే పోవుచున్నారు, ఆగలేకున్నారు. సంఖ్యాబలము వేఱు, చేరువ వేఱు అని ఇంతకంటె దుఃఖకరముగా తెలుపు దృష్టాంతము నాకు తోచుటలేదు.

ఇప్పుడు చేరినవారు చేయు పనిని చూతము. న్యూట్రోఫిల్ కణములు క్రిములను మ్రింగును. విషతుల్యములగు ద్రవ్యములను క్రుమ్మరించును. చిరిగిన కణజాలమును ఛేదించి తొలగించును. ఆ ద్రవ్యములు శత్రువును, ప్రక్కనున్న ఆరోగ్యకణమును వేఱుపఱచి చూడవు. మఱియు నవి గుంపుకట్టు విధము విచారింపదగినది. 2013లో ఎలుకలయందు చేసిన పరిశోధనలో, మొదట కొద్ది కణములు గాయమును చేరుననియు, వాటిలో నొకటి మరణింపగా తక్కినవి ల్యూకోట్రయీన్ అను పదార్థమును వెదజల్లి దూరపు కణములను రప్పించుననియు కనుగొనిరి. అనగా తరువాత వచ్చువారిని గాయముకంటె, ముందు వచ్చినవారి కేకయే యెక్కువగా రప్పించుచున్నది. గుంపును చూచి గుంపు పెరుగును.

దీనిని అదుపులో నుంచుటకు శరీరమున రెండుపాయములు కలవు. మొదటిది, ప్రతి యవయవమునందును కాపురముండు మాక్రోఫేజులు, అనగా పెద్ద భక్షకకణములు. ఒక్క కణము మాత్రము పగిలినంతటి చిన్న గాయమైనచో, ఇవి తమ బాహువులను చాచి దానిని చుట్టి, చిందిన సొత్తును తామే తీసివేసి, పిలుపు దూరము పోకుండ కప్పివేయుచున్నవని 2019లో వెల్లడియైనది. ఆ కాపురస్థులను తొలగించి చూడగా, అదే చిన్న గాయమునకు న్యూట్రోఫిల్ గుంపులు వచ్చి గాయముకంటె పెద్ద నష్టమును చేసినవి. రెండవది, గుంపులోని కణములే, ఆ కేక మిక్కుటమైనకొలది దానికి చెవి మూసికొని ఆగిపోవు శక్తి. ఈ యాగుట ఒక ప్రత్యేక యంత్రాంగముచేత జరుగుచున్నదని 2021లో తెలిసినది. పరుగెత్తుట యెట్లో, ఆగుట కూడ అట్లే నిర్మితమైయున్నది.

ఇక పని ముగిసిన పిమ్మట? న్యూట్రోఫిల్ కణములు పెక్కు అచటనే శాంతముగా మరణించును. ఒకటి రెండు దినములలో రక్తమునుండి వచ్చిన మఱియొక జాతి కణములు మాక్రోఫేజులుగా మాఱి, ఆ మృతకణములను మ్రింగును. మ్రింగిన పిమ్మట వాటి స్వభావమే మాఱి, యుద్ధసామగ్రిని విడిచి, క్రొత్త కణజాలమును నిర్మింప ప్రోత్సహించు పదార్థములను స్రవించును. ఎలుకల కాలేయమునందు జరిపి 2017లో ప్రకటించిన పరిశోధనలో, న్యూట్రోఫిల్ కణములు చెడిన రక్తనాళములను విప్పి, క్రొత్త నాళములు పెరుగుటకు దారి చేసి, పిమ్మట మరల రక్తములో ప్రవేశించి, ఊపిరితిత్తులలో కొంత నిలిచి, తాము పుట్టిన మూలుగకే చేరి కన్నుమూయుట కనబడెను. శోథము ఇంధనము లేక ఆఱిపోవు మంటవంటిదని పూర్వము తలచెడివారు. అట్లు కాదు. శోథమును ముగించుటకై శరీరము లిపాక్సిన్లు మొదలగు పదార్థములను ప్రత్యేకముగా తయారుచేయును. లిపాక్సిన్లు 1984లో కనుగొనబడినవి. ముగింపు కూడ ఒక కార్యమే.

ఈ క్రమము తప్పినప్పుడు ఏమగునో పెద్ద ప్రమాదములలో చూడనగును. తొడయెముక నుగ్గైనవానికి, శరీరమంతయు నలిగినవానికి, కొన్ని దినములలో గాయము తగులని ఊపిరితిత్తులు నీటితో నిండి శ్వాస యాడకపోవుట కలదు. ఈ యవస్థను 1967లో ఆష్‌బా మొదలగు వైద్యులు వర్ణించిరి. దానికొక కారణము 2010లో తెలిసినది. మన కణములలోని మైటోకాండ్రియా యను భాగములు అతిపూర్వయుగమున స్వతంత్రముగా జీవించిన సూక్ష్మజీవుల సంతతి. గాయము పెద్దదైనప్పుడు వాటి శకలములు రక్తములో కలియును. వాటియందింకను ఆ పూర్వపు గుర్తులుండుటచేత, తెల్లకణములు క్రిములే దండెత్తినవని భ్రమించి దేహమంతట కత్తిదూయును. నిరపరాధియైన ఊపిరితిత్తి నష్టపడును. పిలుపు సర్వత్ర వినబడినప్పుడు గాయమెచటనో తెలియదు.

అట్లని యీ సైన్యమును అణచివేయుటయే మేలందమా? తలకు దెబ్బ తగిలినవారికి వాపు తగ్గించునను నమ్మకముతో 30 ఏండ్లకు పైగా స్టెరాయిడ్ మందులనిచ్చుచుండిరి. దానిని పరీక్షించుటకు అనేక దేశములలో 10,008 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితములు 2004లో వెలువడినవి. మందు పుచ్చుకొన్నవారిలో రెండు వారములలోపల 100కి 21.1 వంతున మరణించిరి, పుచ్చుకొననివారిలో 17.9 వంతున. సదుద్దేశముతో నిచ్చిన మందే అపకారియని తేలి, ఆ పరిశోధనను మధ్యలోనే నిలిపివేసిరి. అందలి కారణములు పలువిధములు గావచ్చును. మన ప్రశ్నకు కావలసిన పాఠము మాత్రమొకటి: అణచుట కూడ ఒక ఉపకారముగానే ఆరంభమైనది, దానిని కూడ కొలిచి చూడవలసివచ్చినది.

శాస్త్రవృత్తాంతము ముగిసినది. ఇచట నేనొక జాగ్రత్త వహింపవలెను. ప్రకృతిలో నెట్లున్నదో మనుష్యులట్లే చేయవలెనని వాదించుట ప్రమాదకరము. సంఘమును ఒక శరీరముగా కల్పించి, కొందఱు శిరస్సనియు, కొందఱు పాదములనియు, పాదములకు శిరస్సుతో సమానత్వమేమనియు ఎన్ని తరములవారు చెప్పలేదు? ఆ యుపమానము క్రింద నలిగినవారి బాధ మనకు తెలియును. న్యూట్రోఫిల్ కణము మరణించుచున్నది గాన సేవకుడును మరణింపవలెనని నేను చెప్పను. కణమునకు ధర్మము లేదు. ఏది చేయవచ్చునో ఏది మానవచ్చునో ఎన్నుకొను శక్తి కలవానికే ధర్మము. ఎన్నికలేని చోట పుణ్యమును లేదు, పాపమును లేదు.

మఱి యీ కథ యేల? ఎన్నికలేకపోవుటయే యిందు మనకు ఉపకరించు విషయము. కణమునకు సదుద్దేశమును లేదు, దురుద్దేశమును లేదు. ఐనను దానివలన ఒకప్పుడు ప్రాణరక్షణమును, ఒకప్పుడు ప్రాణహానియు కలుగుచున్నవి. అదే కణము, అదే ద్రవ్యము. భేదమెచట? తగిన చోటికి చేరినదా, తగినంత చేసినదా, తగిన వేళకు ముగించినదా అను మూటియందే. ఉద్దేశము లవలేశమైనను లేని చోట హితాహితములు రెండును పుట్టుచుండగా, మనము మాత్రము ఉద్దేశమును చూపి ఫలమునకు బాధ్యత తప్పించుకొనుట యెట్లు పొసగును? “నేను మంచికే చేసితిని” అను మాట చేసినవాని హృదయమును గూర్చిన సాక్ష్యము మాత్రమే. చేయించుకొన్నవాని గాయమును గూర్చి యది యేమియు చెప్పదు. సదుద్దేశము ఉపకారమునకు ఆరంభము; కొలత కాదు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఇదియే.

దీనిని గృహములలో అన్వయించి చూతము. భర్తను గోలుపోయిన స్త్రీకి పొలము పనులు చూచిపెట్టుటకు మఱది వచ్చును. మొదటి యేడు అతడు రాకున్నచో ఆమె సంసారము నిలువదు. అది నిజమైన ఉపకారము. రెండవ యేట కౌలు లెక్క ఆమెకు చెప్పడు. అయిదవ యేట పాసుపుస్తకము ఎచటనున్నదని యామె అడిగినచో, “ఇంత చేసిన నన్ను నమ్మవా వదినా” యని నొచ్చుకొనును. ఆ నొప్పి నటన కాకపోవచ్చును. అతని మనస్సున దురాశ యించుకయు లేకపోవచ్చును. ఐనను గాయము మానిన చోట నిలిచియున్న సహాయము, మానిన కండనే కొఱుకుచున్నది. ఆమె తన వ్యవహారము తాను చూచుకొను శక్తి అయిదేండ్లలో పెరుగవలసినది, పెరుగుటకు చోటులేకపోయెను. మంచివాడైన మఱది చేయవలసినది మొదటినాడే యొకటి కలదు: లెక్కపుస్తకము ఆమెయెదుట వ్రాయుట, అప్పగించు దినమును తానే నిర్ణయించుకొనుట. లిపాక్సిన్ వలె ముగింపునకు ముందే ఏర్పాటుండవలెను. ముగింపు దానంతటది రాదు.

చిన్న గాయమును కప్పు కణములను గూర్చి కూడ ఒక మాట. ఇంటిలోని చిన్న పొరపాటును పదిమందిలో పెట్టక, దగ్గఱివారే సర్దుకొనుట వివేకము. కోడలు పాలు పొంగించినదని పొరుగూరి బంధువులకెల్ల టెలిఫోనులో చెప్పు అత్తగారు, మోకాలు గీచుకొన్న బిడ్డచుట్టు చేరి బిడ్డకంటె పెద్దగా ఏడ్చు పెద్దలు, అనవసరపు గుంపును రప్పించువారే. కాని దీనినే సాకుగా గొని, కొట్టబడుచున్న కోడలిని “ఇంటిగుట్టు” పేర నోరు మూయించువారు కలరు. వారికి ఆ కణముల దృష్టాంతము ఎంతమాత్రమును ఉపయోగపడదు. ఆ కణములు కప్పునది ఒక్క కణపు గాయమును. కప్పుచు శుభ్రము చేయును. గాయము వాటి శక్తికి మించినదైనచో పిలుపు వెలుపలికి పోయియే తీరును. శుభ్రము చేయక కప్పుట కుళ్లబెట్టుట.

సంస్కరణాభిలాషులమైన మనకు మఱియొక హెచ్చరిక కలదు. అన్యాయము జరిగినదను వార్త వినగానే మన రక్తము పొంగును; పొంగవలసినదే. కాని మనలో పలువురము గాయపడినవాని పిలుపు విని వచ్చుట లేదు; ముందు వచ్చినవాని కేక విని వచ్చుచున్నాము. ఆ కేక విని మనమును కేకవేయుదుము. మన కేక విని మఱి పదిమంది. తుదకు గాయపడినవాడు గుంపు మధ్య కనబడడు. నేడు వార్త నిమిషములలో దేశమంతట ప్రాకుచున్నది గాన ఈ యపాయము మఱింత దగ్గఱ. కావున గుంపులో చేరుటకు ముందు ఎవనికి దెబ్బ తగిలినదో వానిని ఒక్కసారి చూచి, వానికేమి కావలయునో వానినే అడుగుట మంచిది. అడిగినచో పలుమాఱులు మనము తెచ్చినది వానికి అక్కఱలేదని తెలియును; తేనిదే కావలసియుండును.

ఇట్లు లెక్కలు వేయుచు కూర్చున్నచో ఉపకారమే నశించునని కొందఱు అనవచ్చును. కొలతలు చూచుకొనువాడు నీట మునుగుచున్నవానిని రక్షింపగలడా అని అడుగవచ్చును. ఈ యాక్షేపణ బలమైనది. దీనికి సమాధానము ఆ కొక్కెములు లేని శిశువే. అచట అతి యుపకారము వలన హాని లేదు. ఉపకారము చేరకపోవుట వలన ప్రాణాపాయము. శరీరము సైతము మొదట నిదానింపదు. నాళపు గోడలు నిమిషములలో పట్టులు చాచును. మునుగుచున్నవానికి చేయి చాచుటకు కొలత అక్కఱలేదు. ఒడ్డునకు చేర్చిన పిమ్మట అతని జీవితమును ఎంతకాలము మన చేతిలో నుంచుకొందుమనుటకే కొలత. వచ్చుటలో వేగమును, ఉండుటలో మితమును, పోవుటలో సిద్ధతయు ఒక్కనియందే యుండవచ్చును. సోమరి యీ వ్యాసమును తన సోమరితనమునకు ఆధారముగా చూపరాదు. పచ్చిదానిని కోసిన వైద్యునితోపాటు పండినదానిని ఉపేక్షించినవానిని గూడ సుశ్రుతసంహిత నిందించినదని పైన చెప్పియుంటిని.

ఉపాధ్యాయవృత్తిలో నున్నవానికి ఈ విచారము ప్రతిదినము ఎదురగును. వెనుకబడిన విద్యార్థికి చేయూత నిచ్చుట సులభము. అతడు తానుగా లెక్క చేయగలిగిన దినమున, తప్పు చేయుచున్నను, చేయి వెనుకకు తీసికొనుట కష్టము. మన సహాయము అతనికి అక్కఱలేకపోవుట మనకొక నష్టమువలె తోచును. ఆ నష్టబుద్ధి ఎచటినుండి వచ్చుచున్నదో పరీక్షించుకొన్నచో, మన యుపకారములో ఎంత పాలు అతనిది, ఎంత పాలు మనదియో తెలిసిపోవును. తల్లిదండ్రులు, సంఘసేవకులు, వైద్యులు, ధనమిచ్చు దాతలు, అందఱును ఈ పరీక్షను తమకు తాము చేసికొనవచ్చును. ఇతరులు మనకు చేయుటకంటె అది గౌరవప్రదము.

ఎవరికైనను సహాయము చేయబూనినప్పుడు మన హృదయమును చూచుకొని తృప్తిపడక, ఆ గాయమువైపు చూచుచుండవలెను. అది పెరుగుచున్నదా, మానుచున్నదా, మానినదా? పెరుగుచున్నచో చేరవలెను, మానుచున్నచో చేతిని తేలికపఱచుకొనవలెను, మానినచో, ఎవరును పొమ్మనకముందే సెలవు తీసికొనవలెను.